గ్యాస్ నింపించిన ఫ్రిజ్ ఇరవై రోజులకే మొరాయించింది.. కంపెనీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మేం అంబర్‌పేటలో ఉంటాం. 2022 ఏప్రిల్‌లో కోఠిలోని ఒక షోరూంలో మావారి పేరు మీద 28,500 రూపాయలకు డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కొన్నాం. మొత్తానికి ఏడాది, కంప్రెసర్‌కు పదేళ్లు వారంటీ అన్నారు. ఈ ఎండాకాలం కూలింగ్ పడిపోయింది, ఫ్రీజర్‌లో ఐస్ కూడా కట్టడం మానేసింది. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినతను గ్యాస్ లీకైందని, కంప్రెసర్ బాగానే ఉంది కాబట్టి వారంటీ వర్తించదని చెప్పి, మే 6న 6,400 తీసుకుని గ్యాస్ నింపి వెళ్లాడు. ఇరవై రోజులకు మళ్లీ అదే కథ. మే 27న కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. నాలుగు రోజులైనా ఎవరూ రాలేదు. టెన్షన్ పట్టలేక మా వీధి చివర మెకానిక్‌ను పిలిచాం. ఆయన వెనకవైపు మూత తీసి సబ్బు నురగ రాస్తే, కంప్రెసర్ పక్కన కొత్తగా వెల్డింగ్ చేసిన జాయింట్ దగ్గర బుడగలు వచ్చాయి. మా అబ్బాయి వీడియో తీశాడు. మెకానిక్ రిపేరేమీ చేయలేదు. తర్వాత వచ్చిన కంపెనీ మనిషి ‘బయటివాళ్లు ముట్టుకున్నాక మాకు సంబంధం లేదు’ అన్నాడు. నేను ఇంట్లో దోశె పిండి రుబ్బి మా అపార్ట్‌మెంట్‌లో అమ్ముతుంటాను. ఆ డబ్బాలు చూసి ‘ఇది కమర్షియల్ వాడకం, కన్స్యూమర్ కోర్టుకు వెళ్లినా నిలబడదు’ అని కూడా అన్నాడు. నిజమేనా? మే 6 నాటి రసీదు ఫొటో పంపుతున్నాను.
– ఒక సోదరి, అంబర్‌పేట

జవాబు: నిజం కాదమ్మా. మీరు కేసు వేయొచ్చు. అయితే మీరు, ఆ కంపెనీ మనిషి ఇద్దరూ వారంటీ కార్డు చుట్టూనే తిరుగుతున్నారు. మీ బలం ఆ కార్డులో లేదు, మే 6 నాటి రసీదులో ఉంది.

ముందు కార్డు సంగతి తేల్చేద్దాం. ‘కంప్రెసర్‌కు పదేళ్లు’ అంటే కంప్రెసర్ అనే ఆ ఒక్క భాగానికే పదేళ్లు. మొదటి ఏడాది దాటాక గ్యాస్, కూలీ, టెక్నీషియన్ వచ్చిన చార్జీ మనమే పెట్టుకోవాలని చాలా కంపెనీల కార్డుల్లో రాసే ఉంటుంది. షోరూంలో సేల్స్‌మన్ ‘పదేళ్లు మీరు చూసుకోనక్కర్లేదు’ అని నోటిమాటగా చెప్పినా, వినియోగదారుల కమిషన్ (మనం కన్స్యూమర్ కోర్టు అనేది) ముందు కాగితానికున్న విలువ ఆ మాటకు ఉండదు. గ్యాస్ నింపడం కంప్రెసర్ వారంటీ కిందికి వస్తుందని వాదిస్తే మీరు గెలవడం కష్టం. ఆ వాదన జోలికి వెళ్లకండి.

ఇక రసీదు. కంపెనీ మీ దగ్గర 6,400 తీసుకుని ఒక పని చేసిపెట్టింది. ఫ్రిజ్ వారంటీ ఎప్పుడు తీరిపోయినా, డబ్బు తీసుకుని చేసిన ఈ పని దానికదే ఒక సేవ. అది సరిగా చేయకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం సేవాలోపం. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ‘చేసిన పనికి 30 రోజుల గ్యారంటీ’ అని అచ్చయి ఉంది. మీరు దాన్ని గమనించినట్టు లేరు. మే 6 నుంచి 30 రోజులు లెక్కపెడితే జూన్ మొదటి వారం దాకా గ్యారంటీ ఉన్నట్టే. మీరు ఫోన్ చేసింది మే 27న. ఆ రోజు ఫోన్‌కు వచ్చిన కంప్లయింట్ నంబర్ మెసేజ్‌ను చెరిపేయకండి. ఈ కేసులో రసీదు తర్వాత అంత విలువైనది అదే.

ఆ పనిలో లోపం ఎక్కడుందో మీరు కూడా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే రేపు కమిషన్ ముందు చెప్పాల్సింది అదే. ఇలాంటి ఫిర్యాదులు చూసి చూసి నేనూ మెకానిక్‌లను అడిగి తెలుసుకున్నాను. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడేకొద్దీ ఖర్చు కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందనే అర్థం. అందుకే సరైన పద్ధతిలో ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి లీకు ఎక్కడుందో పట్టుకుంటారు, దాన్ని మూస్తారు, డ్రయర్ అనే చిన్న ఫిల్టర్ మారుస్తారు, పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను లాగేస్తారు. గ్యాస్ నింపడం ఆఖరి పని. అదీ లేబుల్ మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి. మీ రసీదులో ‘గ్యాస్ చార్జింగ్’ అన్న ఒక్క మాటే ఉంది. లీకు వెతికినట్టు, డ్రయర్ మార్చినట్టు ఎక్కడా లేదు. పైగా బుడగలు వచ్చింది వాళ్లు కొత్తగా వేసిన జాయింట్ దగ్గరే. దీనికి మించిన సాక్ష్యం ఏం కావాలి?

ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. ఫ్రీజర్ బాగానే ఉండి కింది భాగం మాత్రమే చల్లబడకపోతే, అది చాలాసార్లు గ్యాస్ సమస్య కాదు. లోపలి కాయిల్ మీద ఐస్ పేరుకుని గాలి కిందికి రాకపోవడం, దాన్ని కరిగించే హీటరో సెన్సరో పాడవడం ఎక్కువగా కారణం. కింద నీళ్లు కారుతుంటే లోపలి నీటి గొట్టం పూడుకుపోయి ఉండొచ్చు. గ్యాస్‌కు డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి, జాబ్ షీట్ (టెక్నీషియన్ చేసిన పని రాసిచ్చే కాగితం) మీద కారణం రాయించుకోండి. ‘కూలింగ్ లేదు, సరిచేశాం’ అని రాస్తే ఒప్పుకోవద్దు.

‘బయటివాళ్లు ముట్టుకున్నారు’ అన్న మాటకు జవాబు మీ అబ్బాయి తీసిన వీడియోలోనే ఉంది. మెకానిక్ మూత తీశాడు, నురగ రాశాడు, అంతే. గొట్టం కోయలేదు, వెల్డింగ్ పెట్టలేదు. లోపం అంతకుముందే బయటపడిందనీ, మీరు కంపెనీకి ముందే చెప్పారనీ తేదీలే చెబుతున్నాయి. ఆ మెకానిక్‌తో తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి: ఏ రోజు వచ్చాడు, ఏం చూశాడు, ఏం చేయలేదు అన్నది. వీడియోను ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టే దాచండి, కత్తిరించకండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద, ఆ వీడియో ఏ ఫోన్‌లో ఎలా తీశారో ధ్రువీకరించే ఒక సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరం రాదు.

కంపెనీ తరఫున మరికొన్ని వాదనలు రావొచ్చు. ఐస్ గీకడానికి కత్తి వాడితే కాయిల్‌కు చిల్లు పడిందంటారు. పాతకాలం సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో అలా జరిగేది, నిజమే. మీది ఫ్రాస్ట్ ఫ్రీ. కాయిల్ ప్యానెల్ వెనక ఉంటుంది, కత్తి తగిలే వీలే లేదు. కరెంటు హెచ్చుతగ్గులు అంటారు. వోల్టేజి దెబ్బకు కంప్రెసరో, సర్క్యూట్ బోర్డో కాలుతుంది గానీ జాయింట్ దగ్గర గ్యాస్ కారదు. అయినా స్టెబిలైజర్ ఉంటే దాని బిల్లు కూడా ఫైల్లో పెట్టుకోండి. వెనక దుమ్ము, గోడకు ఆనించి పెట్టడం, తలుపు రబ్బరు వదులవడం.. ఇవన్నీ కూలింగ్ తగ్గించేవే, గ్యాస్ లీకు చేసేవి కావు.

ఇక దోశె పిండి. మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది ఇదేనని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. చట్టంలో సెక్షన్ 2(7) వ్యాపారం కోసం కొన్నవాళ్లను వినియోగదారుల లెక్క నుంచి తీసేసిన మాట వాస్తవమే. కానీ సొంతంగా కష్టపడి, కేవలం పొట్టపోసుకోవడానికి వాడుకుంటే దాన్ని వ్యాపార ప్రయోజనంగా చూడరాదని అదే సెక్షన్ కింది వివరణ చెబుతోంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే ఈ తేడాను వివరించింది. మీరు ఫ్రిజ్ కొన్నది ఇంటికి. పిల్లల పాలు, పెరుగు, కూరలు అందులోనే ఉన్నాయి. ఒక అరలో నాలుగు పిండి డబ్బాలు పెట్టినంత మాత్రాన మీరు వినియోగదారు కాకుండా పోరు. అయితే ‘గృహ వినియోగానికే’ అన్న షరతు వారంటీ కార్డులో ఉంటే, రేపు కంప్రెసర్ పోయినప్పుడు కంపెనీ దాన్ని అడ్డం పెట్టుకోవచ్చు. మే 6న డబ్బు తీసుకుని చేసిన పనికి మాత్రం ఆ షరతు అడ్డురాదు. దయచేసి పిండి అమ్మకం సంగతి ఫిర్యాదులో దాచకండి. మీరే ముందు రాస్తే అది మీ కష్టం. దాచాక అవతలివాళ్లు బయటపెడితే మీ మిగతా మాటలన్నీ అనుమానంలో పడతాయి.

బిల్లు మీవారి పేరు మీద ఉన్నా ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ఇద్దరూ కలిసి వేస్తే మరీ మంచిది.

ఇప్పుడు చేయాల్సింది. పిల్లలున్న ఇంట్లో, ఈ ఎండల్లో, కేసు తేలేదాకా ఫ్రిజ్ లేకుండా కూర్చోమని నేను చెప్పలేను. అలాగని ఇప్పుడే బయట రిపేరు చేయిస్తే సాక్ష్యం పోతుంది. అందుకే ముందు ఒక ఈమెయిల్, దాంతోపాటే స్పీడ్ పోస్ట్‌లో ఒక ఉత్తరం కంపెనీకి, సర్వీస్ సెంటర్‌కు పంపండి. ఇలా రాస్తే చాలు:

‘మే 6న మీరు 6,400 రూపాయలు తీసుకుని చేసిన గ్యాస్ పని ఇరవై రోజులకే విఫలమైంది. మే 27న ఫలానా నంబరుతో ఫిర్యాదు చేశాం. మీ రసీదులోని 30 రోజుల గ్యారంటీ ప్రకారం ఉచితంగా సరిచేయండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో వచ్చి ఫ్రిజ్‌ను పరిశీలించకపోతే బయట చేయించుకుంటాం. ఆ ఖర్చు కూడా మీ నుంచి వసూలు చేసుకుంటాం.’

ఏడు రోజులు దాటితే మీ మెకానిక్‌తో చేయించుకోండి. పని మొదలు నుంచి చివరిదాకా వీడియో తీయండి. కోసేసిన గొట్టం ముక్కను, పాత డ్రయర్‌ను పారేయకుండా కవర్లో వేసి తేదీ రాసి ఉంచండి. ఫ్రిజ్ వెనక లేబుల్ మీద ‘ఆర్-600ఎ’ అని ఉంటే అది మండే గ్యాస్. పక్కన స్టవ్ వెలుగుతుండగా, గొట్టంలో గ్యాస్ మిగిలి ఉండగా మంటతో వెల్డింగ్ చేయనివ్వకండి. ఆ గ్యాస్‌తో పని తెలిసినవాడికే అప్పగించండి.

ఈలోగా 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇలాంటి చిన్న మొత్తాలు అక్కడే తేలిపోవచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉంటున్న చోటే కేసు వేసే హక్కు సెక్షన్ 34 ఇస్తోంది. కాబట్టి హైదరాబాద్ దాటాల్సిన పనిలేదు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయర్ను పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు, మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. అయినా ఆలస్యం చేయకండి, మెకానిక్‌లు షాపులు మారుతుంటారు, ఫోన్లు పోతుంటాయి. కంపెనీని, సర్వీస్ సెంటర్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. షోరూంను లాగాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

అడిగేటప్పుడు లక్షలు అడగకండి. 6,400 వాపసు, బయట చేయించిన ఖర్చు, పాడైన పిండి నష్టం, మనోవేదనకు కొంత, కేసు ఖర్చులు. పిండి నష్టానికి మీ ఆర్డర్ల పుస్తకం, ఫోన్‌పే లెక్కలు జతచేయండి. లెక్క చూపించిన రూపాయి వస్తుంది, చూపించని వెయ్యి రాదు. పరీక్ష అవసరం లేని కేసులు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాల్సినవి ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటోంది. వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడి ఉండండి. ఆర్డరు వచ్చాక కంపెనీ పాటించకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఈమెయిల్ మాత్రం ఈ రోజే పంపండి. రసీదులోని 30 రోజులు ఇంకా పూర్తికాలేదు.