షాపువాడిచ్చిన క్రీమ్‌తో తగ్గిన మొటిమలు మళ్ళీ ఎందుకొస్తున్నాయి?

క్రీమ్ రాసిన వారానికే మొటిమలు తగ్గి ముఖం తెల్లబడిందని, మానేయగానే రెట్టింపు వచ్చాయని రాశారు, ఒంట్లో వేడి వల్లా అని అడిగారు. వేడి కాదండీ. అచ్చం మా చెల్లికి జరిగిందే మీకూ జరుగుతోంది. ముందు ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. మా చెల్లి వాడినదాంట్లో మొమెటసోన్ ఉంది. అది ఎరుపునీ వాపునీ అణిచేస్తుంది, అందుకే మందు పనిచేస్తోందని అనిపిస్తుంది, కానీ వాడేకొద్దీ చర్మం పల్చబడి, కొత్త మొటిమలు దానివల్లే పుట్టుకొస్తాయి. 2018లో కేంద్రం ఇలాంటి చాలా క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది, అయినా అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు, నాకు మండేది అక్కడే.

అసలు మొటిమ ఎలా వస్తుందంటే, ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు జిడ్డు ఎక్కువ చేస్తాయి, దానికి చచ్చిన చర్మకణాలు తోడై రంధ్రం మూసుకుపోతుంది, లోపల బాక్టీరియా పెరిగి వాస్తుంది. సబ్బుతో పదేపదే రుద్దితే చర్మం మండడం తప్ప లాభం లేదు. నుదుటి మీదే ఎక్కువుంటే మాత్రం తలనూనె కాస్త తగ్గించి చూడండి.

మా చెల్లికి స్కిన్ డాక్టర్ ఆ క్రీమ్ మాన్పించారు. కొన్ని వారాలు ముఖం ఎర్రగా మండింది, చాలామంది భయపడి మళ్ళీ పాత క్రీమే రాసేది అప్పుడే. అది సర్దుకున్నాక రాత్రిపూట రాయడానికి, రంధ్రాలు మూసుకుపోకుండా చూసే అడాపలీన్ జెల్ ఇచ్చారు. కడిగిన ముఖం బాగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని, మొటిమ మీద ఒక్కచోటే కాకుండా ముఖమంతా పల్చగా రాయాలి. పొద్దున ఆ బాక్టీరియాని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్, దానిపైన సన్‌స్క్రీన్. (పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది, మా ఇంట్లో నీలం టవల్ మీద తెల్లమచ్చలు ఇంకా ఉన్నాయి.) మొదట్లో పొట్టు రేగుతుంది, తేడా కనపడాలంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

లోతుగా, నొప్పిగా గడ్డలు వస్తుంటే ఆలస్యం చేయకండి, గుంటలు పడితే పోవడం చాలా కష్టం. పీరియడ్స్ సరిగా రాకపోయినా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా పీసీఓడీ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో డాక్టర్ని అడగండి. గర్భంతో ఉన్నా, ప్లాన్ చేస్తున్నా అడాపలీన్ వద్దు. మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే కడుపులో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తాయి, ఎవరో చెప్పారని అవి మాత్రం కొనకండి.