కార్పెట్ పీకే ముందు ఓ మాట

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

శనివారం కార్పెట్ పీకేసి ఆదివారం కొత్త ఫ్లోరింగ్ వేసేస్తానన్నావు. పీకడం ఎంతసేపు, గంట పని. దాని కిందే ఉంది అసలు తంటా.

మీ న్యూజెర్సీ ఇల్లు 1968లో కట్టింది కదా. ముందు క్లోజెట్‌లో ఓ మూల కార్పెట్ కొస పట్టకారుతో లాగి కింద ఏముందో చూడు. ఓక్ చెక్క కనిపిస్తే నీ పంట పండినట్టే, కొత్తది కొనే ఖర్చు తప్పినా తప్పుతుంది. 9 అంగుళాల చదరపు పలకలు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపో. ఆ కాలం పలకల్లో, కింద ఉండే నల్ల జిగురులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. విరగ్గొట్టకు, గీకకు. ల్యాబ్ పరీక్ష అయ్యాకే మిగతా సంగతి.

అలాంటివేం లేకపోతే మాస్క్ పెట్టుకుని దిగు. కార్పెట్‌ను వెనక వైపు నుంచి రెండు మూడడుగుల పట్టీలుగా కోసి చుట్టేయ్. నేను మా హాల్‌ది మొత్తం ఒకే చుట్ట చేసి మెట్ల మలుపులో ఇరుక్కుపోయాను. మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

గోడల వెంట మేకులు పైకి లేచిన సన్నటి చెక్క పట్టీలుంటాయి, టాక్ స్ట్రిప్ అంటారు. ప్రై బార్‌ని, అదే మేకులు లేపే ఇనుప కడ్డీని, పట్టీని నేలకు బిగించిన ప్రతి మేకు దగ్గరా దూర్చి లేపు, ఊడింది ఊడినట్టు బకెట్లో వెయ్. చెప్పుల్లేకుండా అటు వెళ్ళకు.

ఇక కార్పెట్ కింద మెత్తగా పరిచే ప్యాడ్‌ని నేలకు పట్టి ఉంచే స్టేపుల్స్. వందలుంటాయి, విసుగొస్తుంది. అయినా కూర్చుని పీకాల్సిందే. అయిపోయిందనుకున్నాక ఇనుప స్క్రేపర్ నేలకు ఆనించి తోసుకుంటూ వెళ్ళు, మిగిలినవి 'టిక్'మని తగులుతాయి. నేను ఆ పని ఎగ్గొట్టాను. వంటగది గుమ్మం దగ్గర ఒక్కటి మిగిలింది. దాని పైన వేసిన కొత్త ఫ్లోరింగ్ పలక కాలు పెట్టినప్పుడల్లా టక్కుమనేది. రెండేళ్ళు భరించి చివరికి ఆ వరసంతా ఊడదీశాను.

నేల ఖాళీ అయ్యాక గదంతా నడిచి చూడు. కిర్రుమన్నచోట కింది దూలంలోకి స్క్రూ బిగించు, మళ్ళీ ఆ అవకాశం రాదు. ఎత్తుపల్లాలు ఎంతవరకు పర్లేదో ఫ్లోరింగ్ పెట్టె మీదే రాసుంటుంది, మామూలుగా 10 అడుగులకు 3/16 అంగుళం.

ఇదంతా ఆదివారానికి తెమలదు. టెన్షన్ పడకుండా ఇంకో వారం పెట్టుకో. ప్రై బార్, మోకాలి ప్యాడ్లు కొనకు, మా గరాజ్‌లో ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మామయ్య