టెక్ సందేహాలు: ఫార్మాట్ చేయించే ముందు సీ డ్రైవ్‌లో ఏముందో చూడండి

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పాత డెస్క్‌టాప్, విండోస్ 10, 500 జీబీ హార్డ్‌డిస్క్. 100 జీబీల సీ డ్రైవ్‌లో 2 జీబీలే మిగిలాయి. డీ డ్రైవ్ సగానికి పైగా ఖాళీగా ఉంది. ఫార్మాట్ చేయిస్తే పేజ్‌మేకర్, అను ఫాంట్లు మళ్లీ ఎక్కించుకోవాలి. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. మీ పరిస్థితిలో ఫార్మాట్ అవసరం లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే సీ డ్రైవ్‌లో ఏది ఎంత చోటు ఆక్రమించిందో తెలుస్తుంది. మీ వంటి సెంటర్లలో భారమంతా తరచుగా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. వాట్సాప్ వెబ్ నుంచి ప్రింటు కోసం దించుకున్న ప్రతి పీడీఎఫ్, ప్రతి ఫొటో పని అయిపోయాక కూడా అక్కడే ఉండిపోతుంది. డెస్క్‌టాప్ మీద పెట్టిన పెండ్లి పత్రికల ఫైళ్లు సైతం సీ డ్రైవ్‌లోనివే.

ఆ డౌన్‌లోడ్స్‌లో మీ దగ్గరికి వచ్చినవారి ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు పాసుబుక్కుల నకళ్లు ఉంటాయి. ప్రింటు తీసి చేతికిచ్చాక వాటిని దాచుకోవలసిన పని మీకు లేదు, దాచుకోవడం వారికి క్షేమమూ కాదు. కనుక వాటిని డీ డ్రైవ్‌కు మార్చకుండా షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి తొలగించండి. డిలీట్ ఒక్కటే నొక్కితే అవి రీసైకిల్ బిన్‌లో చేరి అదే డ్రైవ్‌లో చోటు ఆక్రమిస్తూనే ఉంటాయి.

మీ సొంత పనుల కోసం డీ డ్రైవ్‌లో డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ ఒకటి సృష్టించి, అసలు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్‌లో మూవ్ నొక్కి దానిని చూపించండి. నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే తర్వాత వెనక్కి మార్చడం చిక్కవుతుంది.

ఆ తర్వాత డిస్క్ క్లీనప్ తెరిచి క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కితే పాత అప్‌డేట్ల అవశేషాలు పోతాయి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ పేరు కనిపిస్తే టిక్ పెట్టకండి, మీకు కావలసిన ఫైళ్లు కూడా పోతాయి. ఇంకా చోటు కావాలంటే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, powercfg /h off అని టైప్ చేసి ఎంటర్ నొక్కి హైబర్నేషన్‌ను (తెరిచి ఉన్న పనులను డిస్క్‌లో దాచి కంప్యూటర్‌ను ఆపే ఏర్పాటును) ఆపితే, 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో సాధారణంగా 3 జీబీలకు పైగా మిగులుతుంది. కాకపోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది కాబట్టి పొద్దున కంప్యూటర్ తెరుచుకోవడానికి కొంత ఎక్కువ సమయం పడుతుంది. విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్ఎక్స్ఎస్ (WinSxS) అనే ఫోల్డర్‌ను మాత్రం చేత్తో తొలగించకండి. చూడడానికి చాలా పెద్దదిగా కనిపిస్తుంది గాని అందులోని ఫైళ్లలో చాలావరకు విండోస్ వాడుకుంటున్నవే, వాటిని తీసేస్తే కంప్యూటర్ తెరుచుకోకపోవచ్చు.

సీ, డీ డ్రైవ్‌లు రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌లోని భాగాలు. ఆ డిస్క్ పాడైతే రెండూ కలిసే పోతాయి కనుక, ఏళ్ల తరబడి కూర్చిన పత్రికల డిజైన్లను, ఫాంట్ల ఇన్‌స్టాలేషన్ ఫైళ్లను ఈ వారమే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దానిని కంప్యూటర్ నుంచి విడదీసి భద్రపరచండి.