లాంచీలో జనరేటర్ పని మాన్పించి మర్చంట్ నేవీలో చేర్పించాలా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఏడాదిగా జగన్నాథపురం వైపు ఒక మెకానిక్ దగ్గర పనిచేస్తున్నాడు. పాత లాంచీల్లో, టగ్గుల్లో జనరేటర్లు బాగుచేయడం వాళ్ల పని. మనిషి పట్టని సందుల్లోకి దూరి చేస్తాడట. మొన్న మోచెయ్యి కాల్చుకుని వచ్చాడు. ఇంటికొచ్చాక కూడా నోట్‌బుక్‌లో పైపుల బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటాడు. డిప్లొమా చదివి మడ్డి పూసుకుని తిరగడం మాకు నచ్చడం లేదు. మర్చంట్ నేవీ కోర్సులో సీటు, ఆ తర్వాత ఓడలో ఉద్యోగం, రెండూ తనే చూసుకుంటానని ఒకాయన అంటున్నారు. కొంత అడ్వాన్సు కూడా ఇచ్చాం. బంధువులు ఈసెట్ రాయించి బీటెక్‌లో చేర్పించమంటున్నారు. వాడేమో ఈ పని వదలనంటున్నాడు. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: రెండింట్లో ఏది మంచిదని అడిగారు గానీ, మూడోది మీవాడు ఇప్పటికే చేస్తున్నాడు కదండీ, దాన్ని మీరు లెక్కలోకే తీసుకోలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరి అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తుంటాడు, ఇంకొకరి అబ్బాయి ఆసుపత్రుల్లో ఏసీ ప్లాంటు చూస్తుంటాడు. ఊరు మారుతుంది, పని మారుతుంది, అడుగున ఉన్న భయం మాత్రం ఒకటే. నలుగురిలో మావాడు ఏం చేస్తున్నాడని చెప్పుకోవాలి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమనాలి అని. మీ ఉత్తరంలో వాడికి నెలకి ఎంత వస్తోందో ఒక్క ముక్క లేదు, మడ్డి గురించి మాత్రం ఉంది. అందుకే ముందు ఆ మడ్డి సంగతే మాట్లాడతాను.

కాకినాడలో ఉంటూ మీకు ఇది చెప్పక్కర్లేదు, యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుంటే బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్తాయి. ఆ బార్జీల్ని లాగే టగ్గులు, మనుషుల్ని చేరవేసే లాంచీలు, వాటిలో ఏళ్ల నాటివి చాలానే ఉంటాయి. పాత బోటులో జనరేటర్ సంగతి ఎలా ఉంటుందంటే, బోటు కట్టేటప్పుడే దాన్ని కింద కూర్చోబెట్టి, చుట్టూ డీజిల్ ట్యాంకు, బ్యాటరీలు, పైపులు అమర్చి, పైన డెక్కు మూసేస్తారు. ఆ తర్వాత ఓనరు మారినప్పుడల్లా ఇంకో పంపో ఇంకో పైపో వచ్చి చేరుతుంది. చివరికి సర్వీసు చేయాల్సిన వైపు పోయిపోయి బోటు గోడకి ఆనుకుంటుంది. అక్కడ చెయ్యి పడితే కన్ను పడదు, కన్ను పడితే పానా తిరగదు. రాత్రి లంగరు మీద ఉన్న బోటుకి దీపాలు, అడుగున చేరే నీళ్లు తోడే బిల్జి పంపు, వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీల చార్జింగు అన్నీ నడవాలంటే ఆ మూలనున్న జనరేటరే దిక్కు.

దానిలో ఒకే ఒక్క పని తీసుకుందాం. ఇంజిన్‌ని చల్లబరచడానికి సముద్రపు నీటిని లోపలికి లాగే పంపులో రబ్బరు ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం ఉంటుంది. మన ఉప్పుటేరు నీళ్లలో బురద ఎక్కువ కాబట్టి అది త్వరగా అరుగుతుంది, పైగా నీళ్లు వడకట్టే స్ట్రైనర్‌కి ప్లాస్టిక్ కవరు అడ్డుపడి నీళ్లు ఆగితే కాసేపట్లోనే కాలిపోతుంది. పంపు ఎదురుగా ఉంటే మూత విప్పి మార్చడం అరగంట పని. గోడవైపు ఉంటే పక్కకి ఒరిగి పడుకుని, ఒక చేత్తో చిన్న అద్దం పట్టుకుని, రెండో చేతి వేళ్లతో తడుముతూ స్క్రూలు విప్పాలి. ఒక్కటి జారినా కింద నూనె తేలే నీళ్లలోకి పోతుంది, అందుకే తెలిసినవాళ్లు స్క్రూడ్రైవర్ కొసకి కాస్త గ్రీజు రాసి స్క్రూని దానికి అంటించుకుంటారు. పాత ఇంపెల్లర్ బయటికి తీశాక దాని రెక్కలు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే ఆ ముక్క ఎక్కడికి పోయిందో వెతకాలి, చాలాసార్లు ఇంజిన్ వేడిని ఆ నీళ్లకి వదిలే హీట్ ఎక్స్ఛేంజర్ మొదట్లోనే ఇరుక్కుని దొరుకుతుంది. వెతక్కుండా కొత్తది బిగించి పైకి వచ్చేస్తే నాలుగు రోజులకి మళ్లీ వేడెక్కి ఆగిపోతుంది. మీరు మడ్డి అంటున్న పనిలో ఇంత ఓపిక, ఇంత ఆలోచన ఉంది.

ఇక ఆ పైపుల బొమ్మలు. మీరు దాన్ని ఫిర్యాదులా రాశారు, నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో బాగా నచ్చిన మాట అదే. చెయ్యి అందని జనరేటర్‌ని అందరూ వాయిదా వేస్తారు. ఆయిల్ మార్చాల్సిన గంటలు దాటిపోతాయి, ఫిల్టర్ వచ్చే ట్రిప్పుకి చూద్దాంలే అంటారు. మంచి మెకానిక్ తిట్టుకుంటూ మళ్లీ మళ్లీ దూరడు, ఒకసారి దూరినప్పుడే రెండోసారి దూరే అవసరం తగ్గించి వస్తాడు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపుకి గొట్టం తగిలించి వాల్వు ఇవతలికి తెస్తాడు, కుదరకపోతే డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతిపంపుతో ఆయిల్ లాగేస్తాడు. డీజిల్ ఫిల్టర్‌ని, నీళ్లు వేరుచేసే గిన్నెని ఎదురు గోడకి మారుస్తాడు. ఎన్ని గంటలు నడిచింది, ఏది ఎప్పుడు మార్చాం అన్నది రాసి ఇంజిన్ గది తలుపు వెనక అంటిస్తాడు. మీవాడు గీసేవి ఇవేనేమో, ఒకసారి పక్కన కూర్చుని అడగండి. డిప్లొమాలో చెప్పిన డ్రాయింగుకి నిజంగా పని పడింది ఇక్కడే.

ఇప్పుడు మర్చంట్ నేవీ. ఈ దారి గురించి నా అనుమానాలు దాచుకోను. సరైన పద్ధతిలో వెళ్లినవాళ్లకి అది గొప్ప ఉద్యోగం, నేను కాదనను. కానీ ఈమధ్య మన కోస్తా ఊళ్లలో తెల్ల యూనిఫాం ఫొటో చూపించి లక్షలు వసూలు చేసే వ్యాపారం ఒకటి నడుస్తోంది. కోర్సు పూర్తవుతుంది, సర్టిఫికెట్లు చేతికొస్తాయి, ఓడ మాత్రం దొరకదు. ట్రైనీగా ఎక్కించుకునే కంపెనీ లేకపోతే ఆ కాగితాలు బీరువాలో ఉండిపోతాయి. అందుకే కోర్సులో చేరకముందే కంపెనీ స్పాన్సర్‌షిప్ ఉందా లేదా చూడమని అడిగినవాళ్లందరికీ చెప్తుంటాను. ఆ తర్వాత చూసుకుందాం అన్నవాళ్లు ఏజెన్సీల చుట్టూ తిరుగుతూ కనిపిస్తున్నారు.

మీకు చెప్పినాయన మాట మళ్లీ చదువుకోండి. సీటూ తనే, ఉద్యోగమూ తనే అన్నారు. నావికుల్ని ఓడల్లోకి తీసుకునే ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం నిబంధనలకి విరుద్ధం, ఆ ఖర్చు ఓడ యజమానిది. అంటే ఉద్యోగానికి డబ్బు అడిగారంటేనే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు. లైసెన్సు లేని దళారుల చేతుల్లో పడి ఎవరికీ పట్టని పాత ఓడలెక్కి, జీతం రాక, ఇంటికి రాలేక ఏదో రేవులో నెలల తరబడి చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. యజమానులు వదిలేసిన ఓడల్లో 2024లో ఎక్కువగా ఇరుక్కున్నది భారతీయులేనని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్ చెప్పింది. భయపెట్టడానికి రాయడం లేదు, అడ్వాన్సు ఇచ్చేశారు కాబట్టి రాస్తున్నాను.

ఇంకో సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఓడ మీద ఇంజిన్ విభాగంలో థర్డ్ ఇంజనీర్ అనే హోదా ఉంటుంది. పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి చాలా బాగుంటుంది. చాలా ఓడల్లో ఆ థర్డ్ ఇంజనీర్ బాధ్యత ఏమిటో తెలుసా అండీ? జనరేటర్లు. అక్కడా బాయిలర్‌సూటు వేసుకుని, చెమటతో, వేడిలో, ఫిల్టర్లు విప్పి ఆయిల్ మార్చాల్సిందే. మీవాడు ఉప్పుటేరు ఒడ్డున చేస్తే తలవంపు, అదే పని సింగపూర్ దాటాక చేస్తే గొప్పా? కటువుగా అంటున్నానని అనుకోకండి, ఇది మీరే ఒకసారి ఆలోచించుకోవాలి. వాడికి లేని నామోషీ మీకెందుకు? ఇంట్లో రోజూ పెదవి విరుస్తుంటే ఎంత ఇష్టమైన పనైనా ఏదో ఒకరోజు వదిలేస్తాడు, వదిలేసి మీరు చెప్పిన దాంట్లో చేరి అక్కడా నిలబడడు. అప్పుడు ఎవర్ని అంటారు?

ఈసెట్ గురించి ఎక్కువ చెప్పను. వాడికి బీటెక్ చదవాలని ఉంటే చదవనివ్వండి, మెకానికల్ బీటెక్ తర్వాత జీఎంఈ అనే కోర్సు ద్వారా ఓడల్లోకి వెళ్లే దారి కూడా ఉంది, పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లీషులో 50 శాతం ఉండాలన్న షరతు మాత్రం ముందే చూసుకోండి. ఆ తలుపు ఈ ఏడాదితో మూసుకుపోదు. బంధువులు అన్నారని మాత్రం చేర్పించొద్దు, ఫీజు కట్టేది వాళ్లు కాదు కదా.

మీరు నిజంగా భయపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది, దాన్ని మోచెయ్యి కాలిందని ఒక్క ముక్కలో దాటేశారు. ఎగ్జాస్ట్ పైపుకి చుట్టిన గుడ్డ ఊడిపోయి ఉంటే అలాగే కాలుతుంది. పాత బోట్లలో ఆ చుట్టు ఆస్‌బెస్టాస్ అయి ఉండొచ్చు, దాని ధూళి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, చేత్తో పీకడం, దులపడం చేయకూడదు. మూసిన ఇంజిన్ గదిలో ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకైతే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి వాసన ఉండదు, తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. జనరేటర్ దగ్గర చెయ్యి పెట్టే ముందు స్టార్టు బ్యాటరీ వైరు ఊడదీయాలి, లేకపోతే పైన బోటు నడిపే సరంగు తెలియక బటన్ నొక్కితే వేళ్లు పోతాయి. కింద తడి, పైన 230 వోల్టుల వైర్లు. కాబట్టి ఆ మెకానిక్ దగ్గరికి మీరే ఒకసారి వెళ్లండి. పని మాన్పిస్తున్నామని చెప్పడానికి వెళ్లొద్దు. వాడు లోపలికి దిగినప్పుడు హ్యాచ్ దగ్గర ఇంకో మనిషి ఉంటున్నాడా, లోపలికి గాలి ఆడించే బ్లోయర్ నడుపుతున్నారా, బ్యాటరీ తీస్తున్నారా, ఏదైనా అయితే ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి. నెలకి ఎంత ఇస్తున్నారో కూడా అప్పుడే మాట్లాడండి. నేర్చుకుంటున్నాడు కదా అని ఏడాది దాటాక కూడా భోజనం ఖర్చులు ఇచ్చి సరిపెట్టే చోట్లు ఉన్నాయి. ఈ ప్రశ్నలకి సరైన జవాబు రాకపోతే పని మానక్కర్లేదు, గురువుని మార్చమనండి.

మరి దీనికి భవిష్యత్తు ఉందా అంటే, ఉంది. చెయ్యి పట్టని చోట పెట్టిన డీజిల్ జనరేటర్‌ని మంచిగా నడిపించినవాడికి ఆసుపత్రి జనరేటరైనా, అపార్ట్‌మెంట్ జనరేటరైనా పెద్ద కష్టం కాదు. కమిన్స్, కిర్లోస్కర్ లాంటి కంపెనీల డీలర్లకి సర్వీసు మనుషులు ఎప్పుడూ కావాలి. గల్ఫ్‌లో పాత యాచ్‌లు, పని బోట్లు నిండిన రేవుల్లోనూ ఇదే పని. కాకపోతే చేతిలో పనితనం ఉన్నా కాగితం లేకపోతే జీతం దగ్గర తగ్గించేస్తారు. డిప్లొమా ఉంది కాబట్టి కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్ అయిన నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి, విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ లాంటి చోట్ల డిప్లొమా వాళ్లకి ఏడాది అప్రెంటిస్‌షిప్ నోటిఫికేషన్లు పడుతుంటాయి. డిప్లొమా అయ్యాక ఎన్నేళ్ల వరకు తీసుకుంటారో నోటిఫికేషన్‌లో చూసి ఆలస్యం చేయకుండా వేయించండి. ఇంకొకటి, ఇంజిన్ వైపు నేర్చుకుని ఆగిపోవద్దని వాడికి చెప్పండి, ఆల్టర్నేటర్, ప్యానెల్ బోర్డు, వోల్టేజీ సరిచేసే ఏవీఆర్ కూడా రావాలి. రెండూ తెలిసినవాడు దొరకడం కష్టం, అందుకే వాడి మాటకి విలువ ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు డబ్బు తక్కువే వస్తుంది, అది మీతో అబద్ధం చెప్పను. డిప్లొమా చదివిన ఏ పిల్లాడికైనా మొదట్లో అంతే.

మీ అబ్బాయి చెడిపోలేదండీ. ఏడాదిపాటు ఆ సందుల్లో పనిచేసి కూడా వదలనన్నాడంటే వాడికి పని దొరికినట్టే. చాలామంది తల్లిదండ్రులు మావాడికి దేనిమీదా ఆసక్తి లేదని ఏడుస్తూ రాస్తారు నాకు. మీరు ఆ బాధ పడక్కర్లేదు.

ఈ వారంలోనే ఒక పని చేయండి. ఆ అడ్వాన్సు తీసుకున్నాయన్ని ఆర్‌పీఎస్ఎల్ నంబరు, ఇన్‌స్టిట్యూట్ పేరు, స్పాన్సర్ చేసే కంపెనీ పేరు, ఇచ్చిన డబ్బుకి రసీదు, ఈ నాలుగూ కాగితం మీద ఇవ్వమనండి. నంబరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో మీవాడి చేతే వెతికించండి. ఇవ్వకపోయినా, నంబరు అక్కడ కనిపించకపోయినా డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడానికి మొహమాటపడకండి, ఫోన్‌లో ఆయన పంపిన మెసేజీలు ఏవీ చెరిపేయకండి.