ట్రైనింగ్ కాంట్రాక్ట్ లేకుండానే సొలిసిటర్ కావచ్చు

గుంటూరులో ఎల్‌ఎల్‌బీ చేశానని, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక సలహా కేంద్రంలో వాలంటీర్‌నని, లా ఫర్మ్‌లేవీ ట్రైనింగ్ కాంట్రాక్ట్ (ఫర్మ్‌లో జీతంతో పని నేర్చుకునే ఒప్పందం) ఇవ్వడం లేదని రాశారు. సంక్షేమ చట్టంలో సొలిసిటర్ (క్లయింట్లకు సలహా ఇచ్చి కేసులు చూసే లాయర్) అయ్యే ఆశ వదులుకోవాలా అని అడిగారు. అస్సలు వద్దండీ.

ఇంగ్లండ్‌లో 2021 నుంచి ఎస్‌క్యూఈ (సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్) పద్ధతి ఉంది. రెండు దశల పరీక్షలు, రెండేళ్ల అనుభవం. ఆ అనుభవాన్ని నాలుగు సంస్థల వరకు కలిపి చూపించుకోవచ్చు, జీతం లేని పనీ లెక్కలోకి వస్తుంది. కాకపోతే దాన్ని ఒక సొలిసిటర్ ధ్రువీకరించాలి. మీ సెంటర్‌లో ఎవరూ లేకపోతే బయటివాళ్లైనా సరే, మీ పని పరిశీలించి, మీ సూపర్‌వైజర్ అభిప్రాయం తీసుకోవాలి. ముందు ఈ సంగతి తేల్చుకోండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇవాళ్టి నుంచే డైరీ పెట్టండి. వికలాంగుల భత్యం 'పిప్' నిరాకరిస్తూ వచ్చిన లెటర్ చదివి నెలలోపు పునఃపరిశీలన కోరడం, ట్రిబ్యునల్ అప్పీలుకు డాక్టర్ కాగితాలు వరసగా పేర్చడం, ఇలా ప్రతి పనీ రాసి, అందులో ఏ నైపుణ్యం వాడారో పక్కనే రాసుకోండి. క్లయింట్ పేర్లు మాత్రం వద్దు.

ఈ రంగంలో జీతాలు తక్కువే. 2013 ఏప్రిల్ నుంచి బెనిఫిట్స్ (ప్రభుత్వ భత్యాలు) కేసుల్లో చాలావాటికి లీగల్ ఎయిడ్, అంటే లాయర్ ఖర్చుకు ప్రభుత్వమిచ్చే డబ్బు, తీసేశారు. అందుకే ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు అందులో ఉండేవాళ్ల తరఫున వాదించే కేసులు కూడా నేర్చుకోమంటాను, వాటికి లీగల్ ఎయిడ్ ఇంకా ఉంది. సంక్షేమ చట్టంలో లాయర్లు కావాలనుకునేవాళ్ల శిక్షణకు డబ్బిచ్చే జస్టిస్ ఫస్ట్ ఫెలోషిప్ ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటోందేమో కూడా చూసుకోండి, సరిగ్గా మీలాంటి వాళ్ల కోసమే పెట్టారు.