జర్మనీలో చర్చి పెయింటర్ అవుతానంటున్నాడు, పంపించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎఫ్ఏ చివరి ఏడాదిలో ఉన్నాడు. జర్మనీ చర్చిల పైకప్పు బొమ్మలు వీడియోల్లో చూసినప్పటి నుంచి అక్కడికెళ్లి చర్చి పెయింటర్ అవుతానని పట్టుబట్టాడు. అసలిది బతుకుతెరువేనా? ఒక ఏజెన్సీ వాళ్లు అంతా మేమే చూసుకుంటాం, ముందు డబ్బు కట్టండి అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: బతుకుతెరువేనమ్మా. జర్మనీలో దీన్ని కిర్హెన్‌మాలర్ అంటారు. పెయింటర్ వృత్తిలోనే చర్చి చిత్రకళకు, పాత కట్టడాల సంరక్షణకు విడిగా ఒక శాఖ ఉంది. శిక్షణ మూడేళ్లు. వర్క్‌షాపులో పని చేస్తూనే వృత్తి పాఠశాలకు వెళ్లాలి. చివర్లో పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత అనుభవం మీద మాస్టర్ పరీక్ష రాసి సొంత వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

కానీ మీ అబ్బాయి ఊహించుకుంటున్న పని, అక్కడ జరిగే పని ఒకటేనా అన్నది ముందు తేలాలి. వాడు చూసిన వీడియోల్లో బవేరియాలోని వీస్ చర్చి తప్పకుండా ఉండి ఉంటుంది. దాని పైకప్పు మీద బొమ్మలు వేసిన యోహాన్ బాప్టిస్ట్ జిమ్మర్‌మాన్ జీవితం ఒకసారి చూడమనండి. ఆయన 1680లో వెస్సోబ్రున్ దగ్గర పుట్టాడు. గారపనికి పేరుపడ్డ ప్రాంతం అది. ఆయన చేతికి కుంచెతో పాటు తాపీ కూడా తెలుసు. తమ్ముడు డొమినికుస్ కట్టడాలు కట్టేవాడు. మ్యూనిక్ రాజాస్థానంలో ఆస్థాన వాస్తుశిల్పి క్యువియే గీసిచ్చిన నమూనాల ప్రకారం గదుల గోడలకు గార అలంకారాలు చేసింది ఈయనే. తమ్ముడు స్టైన్‌హౌజెన్ చర్చి కడితే కప్పు మీద బొమ్మలు ఈయన వేశాడు. 1745లో మొదలై 1754లో పూర్తయిన వీస్ చర్చికి కూడా అన్నదమ్ములిద్దరే. అప్పటికి ఈయనకు డెబ్బై దాటాయి! అక్కడ కింద నిలబడి చూస్తే గార ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. రెండు పనులూ తెలిసిన చేతులకే అది సాధ్యం. ఆ చర్చి 1983లో యునెస్కో జాబితాకెక్కింది.

ఫ్రెస్కో, అంటే తడి గార మీద బొమ్మ వేసే పని, ఎలా ఉంటుందో కూడా వాడికి తెలియాలి. పరంజా ఎక్కి, ఆ రోజు ఎంత మేర బొమ్మ పూర్తి చేయగలరో అంత మేరకే సున్నపు గార పూస్తారు. అది పచ్చిగా ఉండగానే రంగు వెయ్యాలి. ఆరేకొద్దీ సున్నం రంగును తనలో బిగించేసుకుంటుంది, ఆ తర్వాత దిద్దుబాటుకు వీలుండదు. సాయంత్రానికి రంగు పడని గార మిగిలితే అంచు వెంట కోసి తీసేస్తారు. తడి మీద ముదురుగా కనిపించిన రంగు ఆరాక పాలిపోతుంది. అంటే రేపు కనబడబోయే రంగును ఈరోజే అంచనా కట్టాలి.

ఇప్పుడు కప్పుల మీద కొత్తగా బొమ్మలు వేయించేవాళ్లు చాలా తక్కువ. ఉన్నవాటిని కాపాడటమే అసలు పని. దశాబ్దాల కొవ్వొత్తుల మసిని పొడి స్పాంజితో అంగుళం అంగుళం తుడవడం, పొరల కింద మొదటి రంగేదో కనిపెట్టడం, సున్నం వెయ్యడం, బంగారు రేకు అతకడం. రంగు రాలినచోట సన్నటి గీతలతో పూడుస్తారు. కింద నుంచి చూస్తే అతుకు తెలియదు. దగ్గరికెళ్తే మాత్రం ఇది పాత చెయ్యి కాదని తెలియాలి, నిజాయితీ అంటే అదే. తన సంతకం ఎక్కడా కనబడని పని ఇది. దాన్ని ఇష్టంగా చెయ్యగలడా అని వాణ్నే అడగండి. సొంత బొమ్మలతో పేరు తెచ్చుకోవాలన్నదే వాడి కోరికైతే ఈ దారి వద్దని నేను గట్టిగానే చెబుతాను.

ఇష్టమేనంటే ముందు భాష. శిక్షణ వీసాకు సాధారణంగా జర్మన్‌లో బీ1, అంటే మధ్యస్థాయి, అడుగుతారు. పాఠాలన్నీ జర్మన్‌లోనే కాబట్టి అంతకన్నా ఎక్కువ వస్తే మంచిది. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రుమ్ ఉంది. శిక్షణ కాలంలో వర్క్‌షాపు నెలనెలా భత్యం ఇస్తుంది. అది ఖర్చులకు చాలకపోతే మిగతా మొత్తానికి మీరు ఆధారం చూపించాలి. డిగ్రీయే కావాలంటే డ్రెస్డెన్, కొలోన్, హిల్డెస్‌హైమ్‌లలో కన్సర్వేషన్ (పాత కళాఖండాల సంరక్షణ) కోర్సులున్నాయి. చాలాచోట్ల చేరడానికి ముందే కొన్ని నెలల ప్రాక్టికల్ అనుభవం అడుగుతారు.

ఏజెన్సీకి ఇప్పుడే రూపాయి కూడా కట్టకండమ్మా. ఏ వర్క్‌షాపు, ఏ ఊరు, శిక్షణ ఒప్పందం ఏది అని అడగండి. అసలైన ఒప్పందం అక్కడి చేతివృత్తుల మండలిలో నమోదవుతుంది. వర్క్‌షాపులకు అబ్బాయే నేరుగా రాయొచ్చు, దానికి దళారీ అక్కర్లేదు. ఆ ఉత్తరం జర్మన్‌లో సొంతంగా రాయగలిగే దాకా భాష నేర్చుకోనివ్వండి. ఈలోగా లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది బొమ్మలు ఒకసారి చూపించండి. రంగు ఎక్కడ రాలింది, ఎందుకు రాలింది అని నోట్సు రాసుకుని, స్కెచ్‌లతో సహా నాకు పంపమనండి. అవి చూశాక మిగతాది మాట్లాడదాం.