క్రిస్మస్ సందర్భంగా దేవుడు మనిషిగా పుట్టాడని అంటారు. అంటే మనిషి వేషంలో వచ్చాడనా?

కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. క్రైస్తవ విశ్వాసం ప్రకారం, అనాదిగా తండ్రియైన దేవునితో ఉన్న కుమారుడు, అంటే యేసు, మరియ గర్భాన నిజంగానే మనిషిగా పుట్టాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలోని ‘వాక్యము శరీరధారియై’ అన్న మాటకు అర్థం ఇదే; అక్కడ వాక్యమంటే ఆ కుమారుడే. పశువుల తొట్టిలో పొత్తిగుడ్డలతో పడుకోబెట్టిన ఆ పసివాడికి పాలు పట్టాలి, ఏడిస్తే ఎత్తుకోవాలి. పెద్దయ్యాక ఆకలిగొన్నాడు, ప్రయాణంలో అలసి బావి దగ్గర కూర్చున్నాడు, స్నేహితుడు లాజరు చనిపోతే కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇవేవీ నటన కావు.

అలాగని దైవత్వం తగ్గిపోలేదు. ఒకే వ్యక్తి, సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని క్రీ.శ. 451లో కల్సెదోనులో జరిగిన క్రైస్తవ మతాధ్యక్షుల మహాసభ ప్రకటించింది. చాలా క్రైస్తవ సంఘాలు దాన్నే అంగీకరిస్తాయి. (ఎలా సాధ్యమో మాత్రం ఆ సభ విడమరచి చెప్పలేదు.)

ఎందుకు వచ్చాడంటే, మనిషి తనంతట తాను దేవుణ్ణి చేరలేడు గనుక దేవుడే దిగివచ్చాడని, ఆ శరీరంతోనే సిలువపై మరణించి తిరిగి లేచాడని క్రైస్తవుల నమ్మకం.